గులాబీ టీషర్టులా, క్యాలెండర్లా, నేరుగా పరీక్షలకా: అక్టోబరు చందా ఎక్కడ పెడితే మేలు

సెప్టెంబరు నెలాఖరుకల్లా చెన్నైలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు కలిసి నడుస్తుంటాయి. కొలువు పేరంటం ఎవరింట్లో ఏ రోజు అనేది ఒకటి. అక్టోబరులో వచ్చే రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలకి ఈసారి మనం ఏం చేద్దాం అనేది రెండోది. వేళచ్చేరి అపార్ట్‌మెంట్ అయినా, పెరంబూరు వైపు కాలనీ అయినా, మాట ఎక్కడ మొదలైనా తేలేది టీషర్టుల దగ్గరే. గులాబీ టీషర్టులు వేయిద్దాం, ఆదివారం పొద్దున్నే బెసెంట్ నగర్ బీచ్‌లో నడుద్దాం, మిగిలిన డబ్బు ఏదైనా ఆస్పత్రికి ఇద్దాం. ఉద్దేశం చాలా మంచిది. కానీ మనం ఇచ్చిన నాలుగైదు వందలు చివరికి ఏ పనికి చేరతాయో కూర్చుని లెక్క వేసేవాళ్లు తక్కువ.

నేను ప్రతి ఆలోచననీ ఒకే ప్రశ్నతో తూస్తాను. ఇంతవరకూ పరీక్ష చేయించుకోని ఒక ఆడమనిషి ఈ డబ్బు వల్ల పరీక్ష దాకా వెళ్తుందా? అక్కడ ఏదైనా తేలితే వైద్యం దాకా వెళ్తుందా?

ఇంత పట్టు ఎందుకంటే, 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడింది. 98,000 మందికి పైగా చనిపోయారు. మన క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కల్లో, జబ్బు రొమ్ము దాటకముందే దొరికినవాళ్లలో నూటికి సుమారు 81 మంది ఐదేళ్ల తర్వాతా బతికి ఉన్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికినవాళ్లలో 18 మందే. తేడా అల్లా ఎప్పుడు పట్టుబడిందన్నదే.

ముందు టీషర్టుల లెక్క చూద్దాం. రెండు వందల టీషర్టులు అనుకుందాం. తిరుప్పూరు నుంచి తెప్పించి ప్రింటు వేయిస్తే ఒక్కోటి 220 పడిందనుకోండి, 400కి అమ్మారు. మిగిలేది 36,000. అందులో మైకు, బ్యానర్లు, నీళ్ల సీసాలు, టిఫిన్లు పోను ఇరవై వేలు చేతికొస్తే గొప్ప. సైజులు కుదరక అసోసియేషన్ గదిలో ఉండిపోయే టీషర్టులు సరేసరి. కొన్నవాళ్లు తీసింది 80,000, పనికొచ్చింది 20,000. నాలుగు రూపాయలిస్తే ఒక రూపాయి.

అలాగని నడక దండగ అనను. జబ్బు నుంచి బయటపడి వచ్చినవాళ్లు తలెత్తుకుని నలుగురితో కలిసి నడవడం వాళ్లకీ, చూసేవాళ్లకీ చాలా పెద్ద విషయం. మన ఇళ్లలో ఇప్పటికీ ఈ జబ్బు పేరు గుసగుసగానే చెప్పుకుంటారు, కూతురి పెళ్లి సంబంధాలు చెడతాయని దాచిపెట్టే తల్లులున్నారు. ఆ గుట్టు విప్పడానికి నడక పనికొస్తుంది. దానికి టీషర్టు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న గులాబీ చీరో చున్నీయో చాలు. టీషర్టుల ఖర్చు మొత్తం ఆఫీసు పెట్టుకుని, ఉద్యోగుల చందా పూర్తిగా పరీక్షలకే వెళ్తుందంటే మాత్రం నిస్సంకోచంగా వేసుకోండి.

ఈ జబ్బుకి గుర్తుగా అందరూ పెట్టుకునే గులాబీ రిబ్బను ఎలా పుట్టిందో తెలిస్తే వస్తువుని ఎలా ఎంచుకోవాలో అర్థమవుతుంది. 1990ల మొదట్లో అమెరికాలో షార్లెట్ హేలీ అనే ఆవిడ ఇంట్లోనే రిబ్బన్లు తయారుచేసి, ఒక్కో కార్డుతో ఐదేసి చొప్పున పంచేది. వాటి రంగు గులాబీ కాదు, పీచు పండు రంగు. జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్‌లో నివారణకు వెళ్లేది ఐదు శాతమేనని, దీని మీద చట్టసభల వాళ్లని కదిలించమని ఆ కార్డు మీద ఉండేది. 1992లో ఒక పత్రికా, ఒక సౌందర్య సాధనాల కంపెనీ కలిసి ఆ రిబ్బను తామూ వాడతామంటే, వ్యాపారం అయిపోతుందని ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్లు రంగు మార్చి గులాబీ చేసుకున్నారు. మనం పెట్టుకుంటున్నది ఆ రెండోదే. ఆవిడ రిబ్బనుతో పాటు ఒక సమాచారం, చేయాల్సిన ఒక పని ఉండేవి. ఇప్పటి వస్తువుల్లో ఎక్కువ వాటికి ఆ రెండూ లేవు.

దీనికి పూర్తి భిన్నంగా నడిచిన వస్తువు కూడా అక్కడిదే. 1998లో అమెరికా తపాలా శాఖ రొమ్ము క్యాన్సర్ పరిశోధన కోసం ఒక స్టాంపు తెచ్చింది. ధర మామూలు స్టాంపు కంటే కొంచెం ఎక్కువ. ఆ అదనపు డబ్బులో ఖర్చులు పోను 70 శాతం జాతీయ ఆరోగ్య సంస్థలకి, 30 శాతం రక్షణ శాఖ వైద్య పరిశోధనకి వెళ్లాలని చట్టంలోనే రాశారు. ఆ ఒక్క స్టాంపు మీద 9 కోట్ల డాలర్లకు పైగా పోగైంది. ఉత్తరం వేయాలంటే స్టాంపు ఎలాగూ కొనాలి. ఎంత వెళ్తుందో, ఎవరికి వెళ్తుందో ముందే తెలుసు.

మన ఇళ్లలో అలా ఎలాగూ కొనే వస్తువేది అంటే నేను తెలుగు క్యాలెండర్ అంటాను. చెన్నైలో ఎన్నేళ్లున్నా తిథి, వర్జ్యం చూసుకోవడానికి మనకి అది కావాల్సిందే. వంటింటి గోడకి వేలాడే ఆ కాగితం మీదే గ్యాస్ బండ మార్చిన తేదీ ఉంటుంది, పాల లెక్క ఉంటుంది, పనిమనిషి నాగాలుంటాయి, ఓ మూల నెలసరికి గుర్తుగా చిన్న చుక్క ఉంటుంది. ఇంటి ఆడవాళ్లు ఏడాది పొడవునా పెన్ను పట్టుకుని నిలబడే చోటు అది. కొత్త సంవత్సరం క్యాలెండర్లు శివకాశిలో అచ్చుకి ఇవ్వడానికీ అక్టోబరు సరిగ్గా సరిపోతుంది. ప్రతి నెల కింద రెండు గళ్లు వేయించండి. ఒకదాంట్లో, రొమ్ములో మార్పులేమైనా ఉన్నాయేమో "ఈ నెల చూసుకున్నాను" అని టిక్కు, రెండోదాంట్లో "డాక్టరుకి చూపించాల్సిన తేదీ". వెనక పేజీలో లక్షణాలు బొమ్మలతో, మీ పేటకి దగ్గరలో పరీక్ష చేసే చోటు, అక్కడి ఫోను నెంబరు. తమిళంలో కూడా వేయిస్తే ఇంట్లో పనిచేసేవాళ్లకీ, పక్కింటివాళ్లకీ ఇవ్వొచ్చు. ఒక్కోటి 40కి అచ్చయ్యి 150కి అమ్మారనుకుంటే, రెండు వందల మంది ఇచ్చిన 30,000లో 22,000 మిగులుతుంది. సైజు కుదరలేదనే గొడవ లేదు.

తాంబూలానికి గుడ్డసంచి రెండో స్థానం. పేరంటంలో ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా కంటే నయం, లోపల ఈ జబ్బు లక్షణాల కార్డు పెట్టొచ్చు. మగ్గులు, కీచైన్లు, రిస్ట్‌బ్యాండ్లు వద్దు.

ఇక షాపుల్లో గులాబీ ప్యాకెట్ మీద "మీరు కొనే ప్రతి వస్తువులో కొంత భాగం" అని కనిపించే అమ్మకాల సంగతి. కొంత అంటే ఎంత? రూపాయల్లో రాశారా? ఇంతకు మించి ఇవ్వం అని కంపెనీ గరిష్ఠ పరిమితి పెట్టిందా? అలా పెడితే ఆ మొత్తం నిండాక మీరు కొన్నదాంట్లోంచి పైసా వెళ్లదు. ఏ సంస్థకి వెళ్తుందో పేరు ఉందా? అమెరికాలో ఈ ప్రశ్నలు అడగండంటూ 2002 నుంచే ఒక ఉద్యమం నడుస్తోంది. 2010లో అక్కడ కేఎఫ్‌సీ గులాబీ బకెట్లలో వేపుడు కోడి అమ్మి బకెట్‌కి అర డాలరు చొప్పున ఇచ్చినప్పుడు, ఆరోగ్యం పేరు చెప్పి అమ్మాల్సిన వస్తువేనా ఇది అని చాలామంది నిలదీశారు. గులాబీ ప్యాకెట్‌లో ఉన్నది మీరు ఎలాగూ వాడే షాంపూ అయితే కొనండి. విరాళం కోసమే అయితే ఆ వంద నేరుగా ఇవ్వండి.

నేరుగా ఇవ్వడంలో కూడా రెండు దారులు. మొదటిది, నమ్మకమైన ఆస్పత్రికి ఇచ్చేసి వాళ్లకే వదిలేయడం. చెన్నైలో ఉంటూ అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ సంగతి చెప్పకుండా ఉండలేను. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి తన చెల్లెలిని క్యాన్సర్‌కి పోగొట్టుకున్న దుఃఖంలోంచి, ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ తరఫున, 1954లో పన్నెండు పడకలతో నిలబెట్టిన సంస్థ అది. 2021లో కన్నుమూసే దాకా క్యాన్సర్ వైద్యురాలు డాక్టర్ శాంత జీవితమంతా అక్కడే గడిపారు. ఒక ఆడవాళ్ల సంఘం మొదలుపెట్టిన ఆస్పత్రికి ఇంకో ఆడవాళ్ల సంఘం చందా ఇవ్వడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. మీ గ్రూపులో తిరిగి పనిచేసే ఓపిక ఎవరికీ లేకపోతే ఇదే మంచి దారి. విరాళానికి పన్ను మినహాయింపు రసీదు (80జీ అని పిలిచేది) అడిగి తీసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది, రెండు వేలకి మించి నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు. టీషర్టు కొన్న బిల్లుకి ఈ మినహాయింపు ఉండదు.

రెండో దారి, మనకి తెలిసిన ఆడవాళ్లకి మనమే పరీక్షలు చేయించడం. నా ఓటు దీనికి. ఎందుకో మా బిల్డింగులోనే కనబడింది. ఇక్కడ రెండు మూడిళ్లలో పనిచేసే ఒకావిడ నెల్లూరు వైపు మనిషి. పోయిన ఏడాది ఈ జబ్బు లక్షణాల బొమ్మలున్న కార్డులు పంచుతుంటే తీసుకుని, బొమ్మ చూసి, "నాకూ ఉందక్కా ఇట్టాంటి గడ్డ. నొప్పి లేదు గదా, నొప్పొస్తే చూపించుకుంటాలే" అంది. రొమ్ములో గడ్డకి మొదట్లో తరచుగా నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడమే మనల్ని మోసం చేస్తుంది. ఆవిడని కదిలించింది కార్డు ఒక్కటే కాదు. "రేపు పొద్దున నేనూ వస్తా, ఆ పూట కూలి నేనిస్తా" అన్న మాట. అదృష్టం, అది మామూలు గడ్డే అని తేలింది. టీషర్టు వేసుకుని బీచ్‌లో నడిచేవాళ్లలో చాలామందికి ఇన్సూరెన్సు ఉంది, ఆఫీసు హెల్త్ చెకప్ ఉంది. ఆవిడకి ఒక పూట సెలవే లేదు.

పరీక్షలంటే ఏ పరీక్ష అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడే క్యాంపులు పెట్టేవాళ్లు తికమకపడతారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఎవరికి వాళ్లు చూసుకోవడం అందరికీ అందుబాటులో ఉన్నది, పైసా ఖర్చు లేనిది. కానీ అదొక్కటే సరిపోతుందని చెప్పకండి. షాంఘైలో రెండున్నర లక్షలకు పైగా మిల్లు కార్మికుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, సొంతంగా పరీక్షించుకోవడం నేర్పినా మరణాలు తగ్గలేదు. ప్రమాదం లేని గడ్డలకి బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) పెరిగాయి. 2002లో వచ్చిన ఫలితం అది. అయినా నేను వదలమనను. తన ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో తెలిసిన మనిషే మార్పు వచ్చినప్పుడు ముందు గమనిస్తుంది. నెలసరి మొదలైన వారం తర్వాత చూసుకుంటే మంచిది. చూడాల్సింది గడ్డ ఒక్కటే కాదు. చంకలో బిళ్ళ, కొత్తగా లోపలికి ముడుచుకున్న చనుమొన, దాని నుంచి రక్తం, చర్మం నారింజ తొక్కలా కావడం, సొట్ట పడటం, మానని పుండు, ఇవన్నీ. పాలిచ్చే తల్లి అయితే పాలగడ్డే అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. చాలాసార్లు నిజమే, కానీ రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. అన్నట్టు, ఈ జబ్బు వచ్చేవాళ్లలో నూటికి సుమారు ఒకరు మగవాళ్లు. క్యాలెండర్ మీద ఆ మాట కూడా ఒక్క లైను వేయండి.

శిక్షణ పొందిన నర్సు లేదా డాక్టరు చేత్తో చూసే పరీక్ష నా లెక్కలో మన పరిస్థితికి ఎక్కువ విలువైనది. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మందికి పైగా ఆడవాళ్లని ఇరవై ఏళ్లు గమనించారు. ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేయించారు. జబ్బు తొలి దశల్లోనే దొరకడం పెరిగింది. 50 దాటినవాళ్లలో ఈ జబ్బుతో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువాళ్లలో ఆ తగ్గుదల కనబడలేదు. ఖరీదైన మిషను లేకుండా ఇంత ఫలితం రావడం చిన్న విషయం కాదు. జాతీయ కార్యక్రమం కింద 30 దాటిన ఆడవాళ్లకి ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. కాబట్టి మీ డబ్బు పరీక్షకి కాదు, ఆవిడని కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రం దాకా తీసుకెళ్లడానికి ఖర్చవ్వాలి.

నలభై దాటినవాళ్లకి మామోగ్రామ్, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే. రెండేళ్లకోసారి, 40 నుంచి 74 దాకా చేయించుకోమని అమెరికా నిపుణుల బృందం 2024లో చెప్పింది. మన దేశంలో సగటున ఈ జబ్బు అక్కడికంటే చిన్న వయసులోనే బయటపడుతోంది కాబట్టి నలభైని తేలిగ్గా తీసుకోవద్దు. చెన్నైలో ప్రైవేటులో సుమారు 1,500 నుంచి 3,000 దాకా తీసుకుంటారు. గుంపుగా మాట్లాడుకుంటే తగ్గిస్తారు. చేయించుకోని వాళ్లకి దీని మీద చాలా టెన్షన్ ఉంటుంది, లోపల ఏం జరుగుతుందో ముందే చెప్పండి. రెండు పలకల మధ్య రొమ్ముని ఉంచి కొన్ని సెకన్లు నొక్కుతారు. ఒక్కో వైపు రెండేసి ఫొటోలు. నొక్కినప్పుడు ఇబ్బందిగానే ఉంటుంది, చెప్పేలోపు అయిపోతుంది. నెలసరి అయిన వారంలో వెళ్తే నొప్పి తక్కువ. ఆ రోజు చంకలో పౌడరు, డియోడరెంటు వద్దు. ఫొటోలో తెల్ల చుక్కల్లా పడి లేని అనుమానం తెస్తాయి.

రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. సున్నా అంటే ఇంకా ఫొటోలు కావాలని, జబ్బు లేదని కాదు. 1, 2 అంటే భయం లేదు. 3 అంటే ప్రమాదం కాకపోవచ్చు, ఆర్నెల్లకి మళ్లీ చూడాలి. 4, 5 అయితే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అది నిజం కాదు, దయచేసి ఆ మాటని పట్టుకుని ఎవరినీ ఆపకండి. ఇంకొకటి, మామోగ్రామ్ కూడా కొన్ని జబ్బులని పట్టలేదు. చేతికి గడ్డ తగులుతుంటే రిపోర్టు నార్మల్ అని ఊరుకోకూడదు. గడ్డ ఉన్న మనిషిని క్యాంపు తేదీ దాకా ఆపడం అన్నిటికంటే పెద్ద తప్పు, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పంపాలి.

నలభై లోపు గడ్డ ఉంటే సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు, చిన్న వయసులో కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో సరిగా కనబడదు. తల్లికో అక్కకో చిన్న వయసులో వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరుతో మాట్లాడి జన్యు పరీక్ష, ఎంఆర్ఐ అవసరమా అని తేల్చుకోవాలి. ఇవి క్యాంపులో చేయించేవి కావు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు అంటూ వేడి కొలిచే కెమెరాతో చేసే థర్మోగ్రఫీ మామోగ్రామ్‌కి బదులు కాదని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. హెల్త్ ప్యాకేజీల్లో కలిపే సీఏ 15-3 రక్తపరీక్ష కూడా తొలిదశలో పట్టుకోవడానికి పనికిరాదు. ఎవరైనా మీ అసోసియేషన్‌కి వచ్చి ఈ రెండింట్లో ఏదైనా ఉచితంగా చేస్తామన్నా ఒప్పుకోకండి. నార్మల్ అని వచ్చిన కాగితం చూసుకుని అసలు పరీక్ష మానేసేవాళ్లుంటారు.

డబ్బు పంచుకునేటప్పుడు దాదాపు అన్ని సంఘాలూ మరిచిపోయేది పరీక్ష తర్వాతి ఖర్చు. అమెరికా లెక్కల్లో మామోగ్రామ్ చేయించుకున్న వందమందిలో సుమారు పదిమందిని మళ్లీ పిలుస్తారు, వాళ్లలో ఎక్కువమందికి ఏమీ ఉండదు. కానీ ఆ పదిమందికీ అల్ట్రాసౌండో బయాప్సీయో కావాలి, రెండు మూడు పూటల కూలి పోతుంది. యాభై వేలు ఉంటే మొత్తం మామోగ్రామ్‌లకి పెట్టకండి. ముప్ఫై వేలతో పరీక్షలు చేయించి, ఇరవై వేలు ఆ మళ్లీ పిలిచినవాళ్ల కోసం విడిగా ఉంచండి. జబ్బు తేలితే సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రి ఉంది, రాయపేట ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, అడయార్ ఉంది. ఏడాదికి 1,20,000 లోపు ఆదాయం ఉన్న తమిళనాడు కుటుంబాలకి ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. ఆంధ్ర రేషన్ కార్డుతో ఇక్కడ బతుకుతున్నవాళ్లకి ఏ పథకం ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో చికిత్స మొదలుకాకముందే కౌంటర్లో అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయం తేల్చిపెట్టే మనిషి మీ గ్రూపులో ఉంటే, అది వేల రూపాయల చందాతో సమానం.

ఇరవై ముప్ఫై మంది గ్రూపు అయితే అమ్మకాల జోలికి పోకుండా తలా ఐదొందలు వేసుకుని, మీ బిల్డింగులో పనిచేసే ఆడవాళ్లలో నలభై దాటినవాళ్లకి మామోగ్రామ్ చేయించండి. మిగతావాళ్లని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. రెండొందల గడప దాటిన సంఘమైతే క్యాలెండర్లు వేయించి, వచ్చినదాన్ని పై లెక్కలోనే పరీక్షలకి కొంత, మళ్లీ పిలిచినవాళ్లకి కొంత అని రెండుగా పెట్టండి. పెద్ద కంపెనీలో ఉన్నవాళ్లు టీషర్టుల బడ్జెట్ ఎంతో అడిగి, అంతే మొత్తం హౌస్‌కీపింగ్, క్యాంటీన్ ఆడవాళ్ల పరీక్షలకీ ఇమ్మని హెచ్‌ఆర్‌కి రాయండి. వాళ్లు చాలావరకు కాంట్రాక్టు మీద ఉంటారు, ఉద్యోగుల హెల్త్ చెకప్‌లో వాళ్ల పేర్లుండవు.

నవంబరులో గ్రూపులో లెక్క చెప్పేటప్పుడు ఎంత పోగైందో దానితో పాటు ఎంతమందికి పరీక్ష అయింది, ఎంతమందిని మళ్లీ పిలిచారు, వాళ్లలో ఎంతమంది వెళ్లారు, వెళ్లనివాళ్లకి ఎవరు ఫోను చేస్తున్నారు అన్నది రాయండి. ఆ ఫోను బాధ్యత ఒక్కరి పేరున, కనీసం సంక్రాంతి దాకా ఉండాలి. ఆర్నెల్లకి మళ్లీ రమ్మన్నవాళ్ల తేదీలు మాత్రం కొత్త క్యాలెండర్లో మీరే రాసి ఇవ్వండి.